ఆపిల్ రసం, బొగ్గు ముక్క: కార్ల్ షీలే జీవితం

విద్యార్థులారా! మనది బదిలీల బతుకు. ఒక ఊరికి అలవాటు పడేలోపే ఇంకో ఊరు, ఇంకో బడి. మీరే కాదు, ఉపాధ్యాయులమైన మేమూ పెట్టెలు సర్దుకుంటూనే ఉంటాం. అలా ఊళ్లు మారుతూనే గొప్ప పనులు చేసిన ఒక రసాయన శాస్త్రవేత్త గురించి ఈసారి మీకు చెప్పాలనుకున్నాం. ఆయన పేరు కార్ల్ విల్‌హెల్మ్ షీలే.

షీలే 1742 డిసెంబరు 9న స్ట్రాల్‌సుండ్ పట్టణంలో పుట్టారు. అది ఇప్పుడు జర్మనీలో ఉంది, అప్పట్లో స్వీడన్ ఏలుబడిలో ఉండేది. 11 మంది పిల్లల్లో ఆయన ఏడోవారు. పెద్ద చదువులకు వెళ్లలేదు. 14 ఏళ్లకే గోథెన్‌బర్గ్‌లోని ఒక మందుల దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరారు. మందులు నూరడం, కలపడం ఆయన పని. తీరిక దొరికితే అక్కడున్న రసాయన శాస్త్ర పుస్తకాలు చదివి, వాటిలోని ప్రయోగాలు తానూ చేసి చూసేవారు.

తర్వాత 1765లో మాల్మో, 1768లో స్టాక్‌హోమ్, 1770లో ఉప్సలా, 1775లో కోపింగ్. ఊరు మారినా దుకాణంలో పని మారలేదు, ప్రయోగాలు ఆగలేదు. ఆక్సిజన్‌ను అందరికంటే ముందే తయారు చేశారు. కానీ ఆయన పుస్తకం 1777లో గానీ వెలువడలేదు. ఈలోగా ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ అదే విషయాన్ని ప్రకటించడంతో పేరు ఆయనకు దక్కింది. షీలే మాత్రం తన పని తాను చేసుకుపోయారు.

1773 ప్రాంతంలో షీలే బొగ్గు వాయువులను పట్టి ఉంచుతుందని, వేడి చేస్తే తిరిగి వదిలేస్తుందని గమనించారు. బొగ్గులో కంటికి కనిపించని సన్నని రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటి గోడలకు ఇతర పదార్థాల అణువులు వచ్చి అంటుకుంటాయి. దీన్నే అధిశోషణం అంటాం. 1785లో రష్యాలోని లోవిట్జ్ అనే శాస్త్రవేత్త, బొగ్గు ద్రావణాలలోని రంగును కూడా తీసేస్తుందని కనుక్కున్నారు. అదే ఏడాది షీలే ఆపిల్ రసం నుంచి మాలిక్ ఆమ్లాన్ని వేరు చేశారు. ఆపిల్‌కు పులుపునిచ్చేది అదే.

ఆ బొగ్గుకూ ఈ ఆపిల్ రసానికీ సంబంధం ఏమిటంటారా? దెబ్బ తగిలి కుళ్లిన ఆపిల్‌పై నీలం, ఆకుపచ్చ కలిసిన బూజు పడుతుంది. ఆ బూజు పాట్యులిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. 1940లలో దీన్ని మందుగా వాడాలని చూసి, విషమని తేలాక వదిలేశారు. కుళ్లిన కాయలతో రసం తీస్తే పాట్యులిన్ అందులోకి వస్తుంది. ఆపిల్ రసం పుల్లగా ఉంటుంది కాబట్టి, వేడి చేసినా అది పూర్తిగా నశించదు. అందుకే కిలో ఆపిల్ రసంలో 50 మైక్రోగ్రాములకు మించి ఉండరాదని మన దేశంతో సహా చాలా దేశాలు నియమం పెట్టాయి.

ఈ విషాన్ని తగ్గించే మార్గాల్లో అధిశోషణం ఒకటి. ఇందుకు పొయ్యిలోని బొగ్గు పనికిరాదు. ప్రత్యేకంగా తయారు చేసిన యాక్టివేటెడ్ కార్బన్ కావాలి. దాని ఒక్క గ్రాములో ఉండే రంధ్రాల గోడలన్నీ పరిస్తే 500 చదరపు మీటర్లకు పైగా వస్తాయి. ఆ పొడిని రసంలో కలిపితే పాట్యులిన్ దానికి అంటుకుంటుంది. తర్వాత పొడిని వడకట్టి తీసేస్తారు. అయితే బొగ్గుకు మంచీ చెడూ తెలియదు. విషంతో పాటు రసం రంగును, వాసనను కూడా కొంత పట్టుకుపోతుంది. కాబట్టి కుళ్లిన కాయలను ముందే ఏరి పారేయడమే అసలైన జాగ్రత్త.

షీలే ఆ జాగ్రత్త తన విషయంలో తీసుకోలేదు. పాదరసం, ఆర్సెనిక్ వంటి విషాలతో పనిచేశారు. తయారు చేసిన పదార్థాలను రుచి చూసే అలవాటు కూడా ఆయనకుండేది. ఆ విషాలే ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీశాయని చాలామంది భావిస్తారు. 1786 మే 21న కోపింగ్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 43 ఏళ్లే.

పిల్లలూ, షీలే పట్టుదలను నేర్చుకోండి, ఆ అలవాటును మాత్రం వద్దు. ఈసారి ఆపిల్ కోసినప్పుడు పైతొక్కనే కాదు, లోపల గింజల చుట్టూ కూడా చూడండి. విషం బూజు కనిపించిన చోటును దాటి పక్క గుజ్జులోకి కూడా పాకవచ్చు. అందుకే బాగున్న వైపు కొరికి చూద్దామనుకోకుండా ఆ కాయను పారేయండి.