కారెన్ కార్పెంటర్ జీవితము

గాయకుల పాటకు తీర్పరులు వినువారే. పాడినవారు ఎంత పాండిత్యము గలవారైనను, వినినవారి హృదయము కరగనియెడల ఆ పాట గాలిలో కలసిపోవును. అయితే ఇతరుల అభిప్రాయము పాడువారికి ఊతమును కాగలదు, మోయరాని భారమును కాగలదు. ఈ రెండిటిని అనుభవించిన యొక అమెరికా గాయని చరిత్రము ఇందు సంగ్రహముగ వ్రాయబడుచున్నది. ఆమె పేరు కారెన్ కార్పెంటర్.

కారెన్ 1950వ సంవత్సరము మార్చి 2వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో, కనెక్టికట్ రాష్ట్రమందలి న్యూహేవెన్ నగరమున జన్మించెను. తండ్రి హెరాల్డ్, తల్లి ఆగ్నెస్. ఆమెకు అన్నయగు రిచర్డ్ 1946లో జన్మించెను. అతడు పసితనము నుండియు పియానో వాద్యమునందు మిక్కిలి ఆసక్తి గలవాడు. తండ్రి కూర్చిన రికార్డులను వినుచు అన్నాచెల్లెండ్రిద్దరును పెరిగిరి. 1963లో ఆ కుటుంబము కాలిఫోర్నియాలోని డౌనీ పట్టణమునకు తరలిపోయెను. కుమారుని సంగీతమునకు అచ్చట అవకాశములు మెండుగా నుండునని తలిదండ్రులు తలచుట ఇందులకొక కారణము.

డౌనీ ఉన్నత పాఠశాలలో చదువునపుడు కారెన్‌కు వ్యాయామపు తరగతి ఎంతమాత్రమును రుచింపదయ్యెను. పాఠశాల వాద్యబృందమున చేరినవారికి ఆ తరగతి తప్పును గావున ఆమె అందు చేరెను. మొదట ఆమెకు చిన్న సుత్తులతో వాయించు లోహపు పలకల వాద్యమొకటి ఇచ్చిరి. అది ఆమె మనస్సునకు పట్టలేదు. డ్రమ్ములు వాయించు బాలురను చూచి, తానును అట్లు వాయింపగలనని పట్టుపట్టి నేర్చుకొనెను. బాలికలు డ్రమ్ములు వాయించుట ఆ దినములలో అరుదు. అయినను ఆమె వెనుదీయలేదు. 1966లో హాలీవుడ్ బౌల్ అను ఆరుబయలు రంగస్థలమున జరిగిన వాద్యబృందముల పోటీలో రిచర్డ్, కారెన్, వారి స్నేహితుడొకడు కలసిన చిన్న బృందము ప్రథమ బహుమతిని పొందెను.

ఆ కాలముననే ఆమె కంఠమునందలి విశేషము బయటపడెను. స్త్రీల కంఠములు సాధారణముగ హెచ్చు స్థాయియందు రాణించును. కారెన్ కంఠమో మంద్రస్థాయియందే నిండుగను, మృదువుగను పలికెడిది. లాంగ్‌బీచ్‌లోని కళాశాలలో గానబృందమును నడపుచుండిన ఫ్రాంక్ పూలర్ అను ఉపాధ్యాయుడు అన్నాచెల్లెండ్రను మిక్కిలి ప్రోత్సహించెను.

పెక్కు రికార్డు కంపెనీలు వారిని త్రిప్పి పంపిన పిమ్మట, 1969లో ఏ అండ్ ఎం కంపెనీ అధిపతులలో నొకడగు హెర్బ్ ఆల్పర్ట్ వారిని చేర్చుకొనెను. వారి మొదటి ఆల్బమ్ అంతగా అమ్ముడుపోలేదు. కాని 1970లో వారు పాడిన ‘క్లోజ్ టు యూ’ అను పాట అమెరికా జాబితాలలో నాలుగు వారములు ప్రథమ స్థానమున నిలిచెను. మరుసటి సంవత్సరము వారికి రెండు గ్రామీ బహుమతులు లభించెను. డౌనీ పట్టణపు అన్నాచెల్లెండ్రు ‘కార్పెంటర్స్’ అను పేర లోకప్రసిద్ధులైరి.

వారి సంగీతమునకు సాఫ్ట్ రాక్ అని పేరు. రాక్ సంగీతమున ఉరుము వంటి లయయు, విద్యుద్గిటారుల హోరును ప్రధానములు. సాఫ్ట్ రాక్‌లో ఆ హోరు తగ్గి, పాటయు కంఠమును ముందునకు వచ్చును. రిచర్డ్ స్వరములను కూర్చుటలో దిట్ట. అన్నాచెల్లెండ్రిద్దరే తమ కంఠములను మరల మరల రికార్డు చేసి, ఒకదానిపై నొకటి పేర్చి, గొప్ప గానబృందము పాడినట్లు వినిపించెడివారు.

1972లో వెలువడిన ‘ఎ సాంగ్ ఫర్ యూ’ అను ఆల్బమ్ వారి కృషిలో మిక్కిలి పేరెన్నిక గన్నది. ఇందు 13 ఖండములు కలవు. దీనిని గూర్చి వినినవారి అభిప్రాయములు ఎట్లు మారెనో చూచుట మనకు ఉపయోగకరము. రిచర్డ్ ఒక పాత చలనచిత్రమును చూచెను. అందు ‘గుడ్‌బై టు లవ్’ అను పాట పేరు మాత్రము చెప్పబడినది గాని ఆ పాట వినిపింపబడలేదు. ఆ పేరు అతని మనస్సున నాటుకొనగా తానే స్వరము కట్టెను. జాన్ బెట్టిస్ సాహిత్యమును కూర్చెను. ఆ పాట నడుమ టోనీ పెలూసో అను యువకుడు గిటారును గరగరలాడు నాదముతో, రెక్క విప్పిన పక్షివలె స్వేచ్ఛగా వాయించెను. దానిని విని కొందరు శ్రోతలు అలిగిరి. మృదువైన పాటలు పాడువారు రాక్ హోరునకు లొంగిరని కోపముతో ఉత్తరములు వ్రాసిరి. నేడు ఆ వాద్యభాగమే ఆ ఆల్బమ్‌నకు అలంకారమని పలువురు మెచ్చుకొనుచున్నారు. మెల్లగా మొదలై గిటారు విజృంభణతో ముగియు రాక్ పాటలకు అది దారి చూపినదని సంగీతజ్ఞులు తలంతురు.

ఇందులకు విరుద్ధమైన సంగతియు కలదు. అదే ఆల్బమ్‌లోని ‘టాప్ ఆఫ్ ది వరల్డ్’ అను పాటను అన్నాచెల్లెండ్రు మొదట గొప్పదిగా నెంచలేదు. కచేరీలలో జనులు దానికి చేయు కరతాళధ్వనులును, లిన్ ఆండర్సన్ అను మరియొక గాయని పాడగా దానికి కలిగిన ఆదరమును చూచి, వారు 1973లో దానిని విడిగా వెలువరించిరి. అది ఆ సంవత్సరాంతమున ప్రథమ స్థానమును పొందెను. ఈ పాట విషయమున శ్రోతల తీర్పే సరియైనది. కావున వినువారి మాట ఎల్లప్పుడును ఒప్పు కాదు, ఎల్లప్పుడును తప్పు కాదు.

సామాన్య శ్రోతలు వారి పాటలను లక్షలకొలది కొనుచుండగా, రాక్ పత్రికల విమర్శకులలో పెక్కుమంది వానిని చక్కెర పాకమని పరిహసించిరి. కారెన్ డ్రమ్ముల వెనుక కూర్చుండి పాడుట ఇంకొక ఫిర్యాదునకు కారణమయ్యెను. గాయని కంటికి కనబడకున్న కచేరీకి కళ యేదని కొందరు వ్రాసిరి. డ్రమ్ములే తన ప్రాణమని తలచు కారెన్ మనస్సొప్పకయే రంగస్థలము ముందునకు వచ్చి నిలిచెను. ఇక లోకము ఆమె పాటను వినుటయే గాక ఆమె రూపమును పరీక్షింప నారంభించెను.

క్రమముగా ఆమెకు అనొరెక్సియా నర్వోసా అను వ్యాధి సంభవించెను. ఈ వ్యాధి పట్టినవారు లావగుదుమను భయముచే ఆహారమును విడుతురు; ఎంత చిక్కినను తమకు తాము స్థూలముగనే తోతురు. ఇది మొండితనము కాదు, మనస్సును శరీరమును గూడ క్రుంగదీయు నిజమైన రోగము. ఇందులకు ఒక్కటియే కారణమని చెప్పుటకు వీలులేదు. 1975లో ఆమె మిక్కిలి నీరసించుటచే బ్రిటను, జపాను దేశముల కచేరీయాత్రలు మానుకొనవలసి వచ్చెను. ఈ రోగమును గూర్చి నాడు జనులకు తెలిసినది స్వల్పము. ఇంటివారు ప్రేమగలవారైనను ఏమి చేయవలెనో ఎరుగక తల్లడిల్లిరి.

1979లో రిచర్డ్ నిద్రమాత్రల వ్యసనమునకు చికిత్స పొందుచుండగా, కారెన్ న్యూయార్కు నగరమునకు పోయి, ఫిల్ రమోన్ అను ప్రసిద్ధ నిర్మాత సాయముతో తానొక్కతియే ఒక ఆల్బమ్‌ను సిద్ధపరచెను. తన మార్గమును తానే వెదకుకొనుటకు ఆమె చేసిన మొదటి ప్రయత్నమది. కాని 1980లో దానిని విని కంపెనీ పెద్దలును రిచర్డును మెచ్చలేదు. ఆల్బమ్ మూలబడెను. కొద్దిమంది అభిప్రాయముచే, లక్షలాది శ్రోతల అభిప్రాయమును తెలిసికొను భాగ్యము ఆమెకు లేకపోయెను. ఆ సంవత్సరమే జరిగిన ఆమె వివాహమును సుఖప్రదము కాలేదు.

1982లో ఆమె తనంతట తానే న్యూయార్కు చేరి చికిత్స పొందెను. కొంత కాలము ఆసుపత్రియందును ఉండెను. శరీరము కొంత కోలుకొనినట్లు కనబడెను గాని, ఏండ్ల తరబడి నలిగిన గుండె అప్పటికే బలహీనమై యుండెను. 1983 ఫిబ్రవరి 4వ తేదీన డౌనీలోని తలిదండ్రుల ఇంట ఆమె కూలిపోయి, మరణించెను. అప్పటికి ఆమె వయస్సు 32 సంవత్సరములు.

ఆమె మరణవార్త విని లోకము ఉలికిపడెను. అంతవరకు పేరైనను విననివారు ఆ వ్యాధిని గూర్చి తెలిసికొనసాగిరి. దాచుకొన్న రోగులు పలువురు సాయము కోరుటకు ధైర్యము తెచ్చుకొనిరి. విమర్శకుల స్వరమును మారెను. 1994లో నవతరపు రాక్ బృందములు కొన్ని కలసి కార్పెంటర్స్ పాటలను తమ రీతిని పాడి ఆల్బమ్‌గా వెలువరించినవి. 1995లో జపానులో ఒక టెలివిజన్ నాటకమున వారి పాటలు వినిపింపగా, ఆమె మరణకాలమునకు పసివారైన యువజనులు వారి రికార్డులను విరివిగా కొనిరి. మూలబడిన ఆమె సొంత ఆల్బమ్ 1996లో వెలువడెను. కొందరు అది ఆమెకు తగినది కాదనిరి. కొందరు అందు ఆమె నవ్వు వినబడుచున్నదని సంతసించిరి. ఏమనినను వినుటకు ఆమె లేదు.

బాలబాలికలారా! ఈ చరిత్రము వలన మీరు గ్రహింపదగిన సంగతులు రెండు కలవు. పరుల మెప్పు తీపియే. కాని అన్నము, నిద్ర, ఆరోగ్యము దానికి వెలగా నీయరాదు. ఇతరుల రూపమును గూర్చి నోరు తెరచుటకు ముందు, మన మాట ఎవ్వరి గుండెలో ఎంతకాలము నిలుచునో తలపోయవలెను. భోజనమన్న భయపడి లోలోన కృశించు స్నేహితులు మీకున్నచో వారిని ఎగతాళి చేయకుడు. వారి సంగతి దాచకుడు. తలిదండ్రులకో, ఉపాధ్యాయులకో, వైద్యునికో వెంటనే తెలుపుడు. కారెన్ కాలమున లేని తెలివి నేడు మనకున్నది. దానిని వినియోగించుకొనుటయే ఆమె కంఠమును ప్రేమించువారు ఆమెకు చేయదగిన గౌరవము.