వెన్నెలలో వ్రాసిన స్వరములు

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1685 మార్చి 21న జర్మనీ దేశమందలి ఐసెనాఖ్ పట్టణమున జన్మించెను. అతని తండ్రి పట్టణ వాద్యకారుడు. 1694లో తల్లియు, మరుసటి ఫిబ్రవరిలో తండ్రియు మరణించిరి. పదియేండ్లు నిండకమునుపే బాలుడు అనాథయయ్యెను.

ఓర్డ్రూఫ్ దేవాలయములో ఆర్గన్ వాయించు పెద్దన్న యోహాన్ క్రిస్టోఫ్ అతనిని చేరదీసి వాద్యము నేర్పెను. ప్రసిద్ధ స్వరకర్తల కృతులుగల పుస్తకమొకటి ఆ యింట కమ్మీల అలమారలో తాళము వేయబడియుండెను. ఎంత వేడుకొనినను అన్న దానిని ఇయ్యలేదు. బాలుడు కమ్మీల సందున చేయి దూర్చి, పుస్తకమును చుట్టి వెలుపలికి లాగి, దీపము లేనందున వెన్నెల రాత్రులలో ప్రతి వ్రాసికొనెను. ఆరు నెలలకు పని ముగిసెను. అన్న అది కనిపెట్టి ఆ ప్రతిని తీసివేసెను. ఈ సంగతి 1754లో అచ్చయిన అతని జీవిత సంగ్రహమువలన తెలియుచున్నది.

1700లో పదునైదేండ్ల బాఖ్ దూరమందున్న లూనెబుర్గ్‌కు వెళ్లి, సెయింట్ మైకేల్ పాఠశాల గాయకబృందమున పాడి, భోజనమును విద్యను పొందెను. త్వరలోనే బాల్యకంఠము మారెను. సాధన మాత్రము ఆగలేదు. 1705లో బుక్స్టెహూడె ఆర్గన్ వినుటకై ఆర్న్‌ష్టాట్ నుండి ల్యూబెక్‌కు సుమారు 400 కిలోమీటర్లు నడిచి వెళ్లెను. 1723 మొదలు 1750లో మరణించువరకు లైప్జిగ్ దేవాలయములకు సంగీతము కూర్చెను. అనేక వ్రాతప్రతుల చివర, మహిమ దేవునికే అను అర్థమిచ్చు మూడక్షరములు వ్రాసెను.

కాగితములు పోయినను, వ్రాయుచు నేర్చినది బాలునియొద్దనే నిలిచెను. మన యింట పాటకై ఆశపడు బిడ్డయున్నచో, అలమార తాళపుచెవి ఎవరి చేతనున్నది?