నిత్య సాధనే ఆయన బలం: కలియుగ భీముడు కోడి రామ్మూర్తి

గుండెలపై ఏనుగును మోసిన వీరునిగా కోడి రామ్మూర్తి నాయుడు పేరు ఉత్తరాంధ్రలో ఇంటింటా వినిపిస్తుంది. అయితే ఆ బలం పుట్టుకతో వచ్చిన వరం కాదు. ఏళ్ల తరబడి చేసిన కసరత్తు ఫలితమది.

నాటి శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో 1882లో ఆయన జన్మించారు. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి వెంకన్న నాయుడు. పసితనంలోనే తల్లిని కోల్పోయిన రామ్మూర్తి తండ్రి గారాబంలో పెరిగారు. చదువు మీద కంటే ఆటపాటల మీద మనసుపడే కుమారుని దారిలో పెట్టేందుకు తండ్రి ఆయనను విజయనగరంలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి వద్దకు పంపారు. పినతండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి. ఆ ఇంటి క్రమశిక్షణలోనే రామ్మూర్తికి వ్యాయామశాలతో పరిచయమైంది.

తాలింఖానాయే బడి

దండీలు, బస్కీలు, కుస్తీ పట్లు ఆయనకు నిత్యకృత్యమయ్యాయి. 21 ఏళ్ల వయసుకే గుండెలపై టన్నున్నర బరువు మోయగలిగారని ఆయన జీవిత చరిత్రకారులు పేర్కొన్నారు. అనంతర కాలంలో అది మూడు టన్నులకు చేరింది. ఈ పెరుగుదల ఒక్కనాటిలో వచ్చింది కాదు. నిన్న మోసిన బరువుపై నేడు కొంత చేర్చుకుంటూ పోవడమే తాలింఖానా విద్యకు మూలసూత్రం. సాధన చాలాకాలం మానితే కండరం సడలుతుంది, ఊపిరి పట్టు తప్పుతుంది. అందుకే వస్తాదులు వానకు, చలికి, పండుగలకు సాధన ఆపరు.

ఆపై మద్రాసులోని సైదాపేటలో ఏడాది పాటు శిక్షణ పొంది వ్యాయామ ఉపాధ్యాయునిగా యోగ్యతాపత్రం అందుకున్నారు. విజయనగరం తిరిగివచ్చి, తాను చదివిన ఉన్నత పాఠశాలలోనే వ్యాయామ శిక్షకునిగా చేరారు. శరీర బలానికి తోడు ప్రాణాయామాన్ని కూడా అభ్యసించారు. ఆయన శాకాహారి.

ఊపిరే ఆయుధం

మిత్రుని ప్రోత్సాహంతో విజయనగరంలో సర్కస్ కంపెనీ నెలకొల్పిన రామ్మూర్తి ఊరూరా ప్రదర్శనలిచ్చారు. ఛాతీకి బిగించిన ఇనుప గొలుసును ఊపిరి పూరించి తునాతునకలు చేయడం, పరుగెత్తబోయే మోటారు కార్లను గొలుసులతో పట్టి నిలపడం, గుండెపై పరచిన బల్ల మీదుగా ఏనుగును నడిపించడం వాటిలో ముఖ్యమైనవి. బల్ల వల్ల ఏనుగు భారం ఒక్కచోట పడక విస్తరిస్తుంది. ఆ కొద్ది క్షణాలూ బిగబట్టిన ఊపిరి సడలకూడదు. ఏ మాత్రం తడబడినా ప్రాణమే పోయే విద్య అది. రాత్రి ప్రదర్శనలో ఆ ధైర్యం నిలవాలంటే ఉదయపు సాధన తప్పడానికి వీలులేదు.

దేశమంతటా ఆయన ఖ్యాతి మార్మోగింది. కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులస్ వంటి బిరుదులు లభించాయి. లండన్ సహా పలు విదేశీ నగరాలలోనూ ప్రదర్శనలిచ్చి భారతీయ వ్యాయామ విద్య ఔన్నత్యాన్ని చాటారు. పరపాలనలో మనవారు బలహీనులన్న అపవాదు మోస్తున్న రోజుల్లో, ఆయనను చూసి ఎందరో యువకులు వ్యాయామశాలల బాట పట్టారు.

కడపటి పరీక్ష

ఇంతటి బలశాలికి విధి కఠిన పరీక్ష పెట్టింది. కాలికి లేచిన రాచపుండు ముదిరి, చివరకు ఆ కాలినే తొలగించవలసి వచ్చింది. శస్త్రచికిత్స వేళ మత్తుమందు వద్దని, ప్రాణాయామ బలంతోనే బాధను ఓర్చుకున్నారని చెబుతారు. ఆర్జించిన సంపద కూడా కరిగిపోయింది. నేటి ఒడిశాలోని బలంగీర్‌లో సంస్థానాధీశుని ఆదరణలో శేషజీవితం గడిపి, 1942 జనవరి 16న అక్కడే కన్నుమూశారు.

శ్రీకాకుళంలోని క్రీడామైదానం ఆయన పేరును ధరించింది. విశాఖ ఆర్కే బీచ్‌లో ఆయన విగ్రహం నెలకొని ఉంది. ధనమూ, కాలూ దూరమైనా, తాలింఖానాలో పొందిన ఓర్పు మాత్రం ఆయనను తుదిదాకా వీడలేదు. మైదానంలో అడుగుపెట్టే నేటి యువతకు ఆయన జీవితం అందించే పాఠం ఒక్కటే. ఏనుగును మోసిన ఘడియ ఒక్కటైతే, ఆ ఘడియకు సిద్ధపడిన ఉదయాలు వేలకు వేలు.