వంట పుస్తకం ఆమెది... పేరు మరొకరిది!

స్కాట్లాండ్ హోటళ్లలో ఈ రోజుల్లో తరచూ కనిపించే వంటకం ఒకటుంది. మందంగా కోసిన బీఫ్ ముక్కని (స్టీక్ అంటారు) పెనం మీద రెండు పక్కలా ఎర్రగా కాల్చి, విస్కీ, మీగడ కలిపి కాచిన చిక్కటి సాస్ పైన పోసి వడ్డిస్తారు. మనలో చాలామంది ఇళ్లలో ఆ మాంసం గుమ్మం తొక్కదు. తినేవాళ్ల ఇళ్లలో కూడా విస్కీ సీసా వంటగదిలోకి రావడం అరుదే. అయినా ఆ వంట సంగతులు చదువుతూ వెనక్కి వెనక్కి వెళ్తే నాకొక ఆడమనిషి కథ దొరికింది. రెండొందల ఏళ్ల కిందటి మనిషి. స్కాట్లాండ్ వంటల గురించి ఎవరు రాసినా ఆమె పుస్తకాన్ని తలుచుకోకుండా ఉండరు. ఆమె పేరు మాత్రం ఆ పుస్తకం అట్ట మీద లేదు!

ముందు వంట సంగతి

ఇద్దరికైతే అంగుళం మందం ఉన్న ముక్కలు రెండు చాలు. అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి తడి లేకుండా తుడవాలి. తడి ఉంటే ముక్క వేగదు, ఉడుకుతుంది. ఉప్పు, దంచిన మిరియాలు పట్టించి, బాగా కాలిన పెనంలో కాస్త నూనె, వెన్న వేసి ఒక్కో పక్క మూడు నిమిషాలు కాల్చి పళ్లెంలోకి తీయాలి. వేడివేడిగా కోస్తే రసమంతా కారిపోతుంది. ఐదు నిమిషాలు ఆగాలి.

ఈలోగా అదే పెనంలో సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయ వేయించి, పెనాన్ని మంట మీంచి దించి, మూడు చెంచాల విస్కీ పొయ్యాలి. సీసాతో నేరుగా పోస్తే మంట అంటుకునే ప్రమాదం ఉంది కనక గ్లాసులో కొలిచి పొయ్యాలి. మళ్లీ పొయ్యి మీద పెట్టి, అడుగున అంటుకున్నదంతా గరిటెతో గీకి కలపాలి. రుచంతా ఆ మాడీ మాడని పొరలోనే ఉంది. విస్కీ సగం ఇగిరాక అరకప్పు చిక్కటి మీగడ, అర చెంచా ఆవముద్ద వేసి, గరిటెకు అంటుకునేదాకా కాచాలి. పాలు పోస్తే విరిగిపోవచ్చు. కొవ్వు ఎక్కువున్న మీగడైతే వేడికి తట్టుకుంటుంది. కాచితే ఆల్కహాల్ మొత్తం పోతుందని చాలామంది అనుకుంటారు. పూర్తిగా పోదు. కాబట్టి ఇది పిల్లలకి పెట్టే వంట కాదు.

రెండొందల ఏళ్ల కిందట వాళ్లు స్టీక్ ఇలా పెనం మీద కాకుండా, ఇనుప కమ్మీల మీద పెట్టి నిప్పుల సెగన కాల్చేవాళ్లు. విస్కీ అయితే కొండ ప్రాంతాల్లో చాలావరకు దొంగచాటుగా కాచేదే. 1823లో కొత్త చట్టం వచ్చి సుంకం తగ్గించాక చట్టప్రకారం కాచేవాళ్లు పెరిగారు. మరుసటి ఏడాదే గ్లెన్‌లివెట్‌లో జార్జ్ స్మిత్ లైసెన్సు తీసుకున్నాడు. మరో రెండేళ్లకి, 1826లో, ఎడిన్‌బరోలో లావుపాటి వంట పుస్తకం ఒకటి వెలువడింది. దాని పేరు 'ది కుక్ అండ్ హౌస్‌వైఫ్స్ మాన్యువల్'. రాసినావిడ సెయింట్ రోనన్స్ అనే ఊళ్లో క్లీకమ్ సత్రం నడిపే మిస్ట్రెస్ మార్గరెట్ డాడ్స్ అని అట్ట మీద వేశారు.

సత్రమూ లేదు, సత్రపావిడా లేదు

తమాషా ఏమిటంటే అలాంటి మనిషే లేదు! మెగ్ డాడ్స్ అంటే సర్ వాల్టర్ స్కాట్ నవల 'సెయింట్ రోనన్స్ వెల్'లో వచ్చే సత్రపు యజమానురాలు. నోరు పెద్దది, చేతి వంట అమృతం. ఆ నవల వచ్చి అప్పటికి రెండేళ్లు దాటింది. జనానికి ఆవిడ బాగా నచ్చింది. అలాంటి మనిషి స్వయంగా వంట పుస్తకం రాసిందంటే ఎవరు కొనరు? పుస్తకం మొదట్లో ఒక సరదా కథ కూడా ఉంది. అదే నవల్లోని టచ్‌వుడ్ అనే పెద్దమనిషి నలుగురిని పోగేసి సత్రంలో వంటల క్లబ్బు పెడతాడు. తూర్పు దేశాలు తిరిగొచ్చినవాడు కనక అతన్ని అందరూ 'నేబాబ్' అంటారు. మన నవాబే అక్కడికెళ్లి అలా మారిపోయాడు!

ఇదంతా రాసిన అసలు మనిషి క్రిస్టియన్ ఇసోబెల్ జాన్‌స్టన్. పత్రికల్లో పని చేసి సంపాదించుకుంటున్న రచయిత్రి.

పదహారేళ్లకు పెళ్లి

ఆమె 1781లో పుట్టింది. పుట్టింటి పేరు క్రిస్టియన్ టాడ్. 1797లో, అంటే పదహారేళ్లకే, థామస్ మెక్లీష్‌తో పెళ్లయింది. ఆ కాపురం నిలవలేదు. కొన్నేళ్లకే విడిపోయారు. 1814లో ఆమెకు చట్టప్రకారం విడాకులు వచ్చాయి.

1814లో విడాకులా అని నేనూ ఆశ్చర్యపోయాను. ఆ రోజుల్లో ఇంగ్లండులో విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయించుకోవాలి. అది చాలావరకు డబ్బున్న మగవాళ్లకే సాధ్యమయ్యే పని. పక్కనే ఉన్న స్కాట్లాండ్‌లో మాత్రం 16వ శతాబ్దం నుంచీ వేరే చట్టం ఉంది. భర్త వ్యభిచరించినా, వదిలేసి పోయినా భార్య కోర్టుకెళ్లొచ్చు. ఈ విషయంలో ఆడా మగా ఇద్దరికీ ఒకటే న్యాయం. ఆమె సరిహద్దుకి అవతల పుట్టి ఉంటే జీవితమంతా ఆ ముడిలోనే ఉండిపోయేదేమో!

చట్టం విడాకులిచ్చింది గానీ లోకం నోరు మూయించలేదు కదా. విడాకులు తీసుకున్న ఆడదంటే ఆ సమాజంలో చిన్నచూపే. మరుసటి ఏడాది, 1815లో, జాన్ జాన్‌స్టన్ అనే ఆయన్ని పెళ్లి చేసుకుంది. ఆయన డన్ఫర్మ్‌లిన్‌లో బడిపంతులు. తర్వాత అచ్చు పనిలోకి దిగాడు. ఈసారి ఆమెకు భర్తే కాదు, పనిలో తోడూ దొరికాడు. ఇద్దరూ ఉత్తరాన ఉన్న ఇన్వర్‌నెస్ వెళ్లారు. అక్కడ 1817లో మొదలైన 'ఇన్వర్‌నెస్ కొరియర్' పత్రిక పని చూశారు. పేరుకి సంపాదకుడు భర్త. రాతకోతల్లో సగం భారం భార్యది.

ఆమె మొదటి నవల 'క్లాన్ ఆల్బిన్' కూడా 1815లోనే వచ్చింది. దాని మీదా రచయిత పేరు లేదు. 1827లో వచ్చిన 'ఎలిజబెత్ డి బ్రూస్' మీద 'క్లాన్ ఆల్బిన్' రాసినవారిదని మాత్రమే వేశారు.

వంటలోనూ ఆత్మగౌరవం

భార్యాభర్తలిద్దరూ మళ్లీ ఎడిన్‌బరో చేరాక వచ్చిందే ఈ వంట పుస్తకం. ఇంగ్లండు పద్ధతుల్ని చూసి రాసిన వంటల జాబితా కాదిది. గొర్రె గుండె, కాలేయం, ఓట్స్ కలిపి గొర్రె పొట్టలో కుక్కి ఉడికించే హాగిస్, కోడితో ఉల్లికాడల్లాంటి లీక్స్ వేసి కాచే కాకలీకీ, లేత కూరగాయలతో మాంసం ఉడికించే హాచ్‌పాచ్... ఇలాంటి సొంత వంటల్ని మా దేశపు వంటలు అంటూ గౌరవంగా ఒక చోట చేర్చింది. తలకాయ, కాళ్లు, పేగులు, ఏదీ పారెయ్యకుండా వండుకునే పేదింటి వంటలు కూడా అందులో ఉన్నాయి. పెద్దింటి బల్ల మీదికి ఎక్కని తిండిని పుస్తకంలోకి ఎక్కించడం చిన్న పని కాదు.

పుస్తకం బాగా అమ్ముడుపోయింది. ఆ శతాబ్దమంతా మళ్లీ మళ్లీ అచ్చయింది. సత్రపు కథంతా సర్ వాల్టర్ స్కాటే రాసిచ్చి ఉంటాడని కూడా కొందరు అనుకున్నారు. బాగుంటే చాలు, మగవాడి చెయ్యి ఉండే ఉంటుందనుకోవడం కొత్తేమీ కాదుగా!

ఇక్కడ నాకు బాగా పట్టేసిన సంగతి ఒకటుంది. స్కాట్ కూడా 1814లో వచ్చిన 'వేవర్లీ' మొదలు తన నవలలన్నీ పేరు లేకుండానే అచ్చు వేయించాడు. ఆ రచయిత ఎవరన్నది లోకానికి ఒక ఆటైపోయింది. 1827 ఫిబ్రవరిలో ఎడిన్‌బరోలో జరిగిన ఒక విందులో, నిండు సభలో లేచి ఆ నవలలు తనవేనని ఒప్పుకున్నాడు. హాలంతా హర్షధ్వానాలు. పేరు దాచడం ఆయనకు సరదా. బయటపెట్టడం పండగ. ఆ వంట పుస్తకానికి అప్పటికి ఏడాది వయసు. ఆమె కోసం ఏ విందూ జరగలేదు. ఏ సభలోనూ లేచి చెప్పే వీలూ ఆమెకు లేదు. ఆడది డబ్బు కోసం రాయడమే తప్పుగా చూసే రోజులు. దానికి తోడు విడాకుల గతం ఒకటి. ముసుగు వేసుకోవడానికి ఆమెకున్న కారణాలు స్కాట్‌కి లేవు.

జీతం తీసుకున్న సంపాదకురాలు

ముసుగులో ఉన్నా చెయ్యి ఆగలేదు. 1832లో జాన్‌స్టన్ దంపతులు 'ది స్కూల్‌మాస్టర్' అనే చవక వారపత్రిక పెట్టారు. చదువు వచ్చిన కూలివాడు కూడా కొనుక్కోగలగాలన్నది వాళ్ల ఉద్దేశం. తర్వాత అదే 'జాన్‌స్టన్స్ ఎడిన్‌బరో మ్యాగజైన్' అనే మాసపత్రికగా మారింది. 1834లో దాన్ని 'టెయిట్స్ ఎడిన్‌బరో మ్యాగజైన్'లో కలిపేశారు. రెండున్నర షిల్లింగుల టెయిట్స్ పత్రిక ఒక్క షిల్లింగుకి దిగింది. ఓటు హక్కు, పేదల బాధలు, ఆడవాళ్ల చదువు వంటి విషయాల మీద గట్టిగా మాట్లాడే పత్రిక అది. అప్పట్నుంచి 1846 దాకా దాన్ని నడిపించింది ఆమే. ఆ శతాబ్దంలో పేరున్న పెద్ద పత్రికకు జీతం తీసుకుని సంపాదకత్వం చేసిన మొదటి మహిళగా చరిత్రకారులు ఇప్పుడు ఆమెను చెబుతున్నారు.

వచ్చిన రచనలు చదవడం, దిద్దడం, పుస్తక సమీక్షలు రాయడం, ఖాళీ పేజీలకు కథలు అల్లడం... ఇవన్నీ ఆమె పనులే. హ్యారియట్ మార్టినో, మేరీ రసెల్ మిట్‌ఫర్డ్, క్యాథరిన్ గోర్ లాంటి రచయిత్రులకు పేజీలు తెరిచింది. ఆడది రచనని వృత్తిగా పెట్టుకుంటే ఇల్లు గుల్లవుతుందనీ, మర్యాద పోతుందనీ బెదిరించేవాళ్లకి జవాబుగా డిక్విన్సీ అనే ప్రసిద్ధ రచయిత ఆమెనే ఉదాహరణగా చూపించాడు. మెచ్చుకోవడానికి కూడా ఇంటిపని చక్కబెట్టుకుంటోందా అన్న లెక్క చూడాల్సి వచ్చిందన్నమాట! మగ సంపాదకుల్ని ఆ ప్రశ్న ఎవరడిగారు?

చివరికి 1845లో 'ఎడిన్‌బరో టేల్స్' అనే కథల సంపుటాలు మొదలైనప్పుడు మొదటి పేజీలో నిర్వహణ మిసెస్ జాన్‌స్టన్ అని వేశారు. అప్పటికి ఆమెకు అరవై నాలుగేళ్లు. అదీ భర్త ఇంటిపేరుతోనే.

1857 ఆగస్టులో ఎడిన్‌బరోలో ఆమె కన్నుమూసింది. కొద్ది నెలలకే భర్త కూడా పోయాడు. ఇద్దరూ గ్రేంజ్ శ్మశానవాటికలో ఉన్నారు. ఇంగ్లండులో మామూలు జనం కోర్టు ద్వారా విడాకులు పొందే చట్టం ఆమోదం పొందింది కూడా అదే ఆగస్టు నెలలో. అందులోనూ ఆడవాళ్లకి షరతులు ఎక్కువే. భర్త వ్యభిచారం ఒక్కటే చాలదు, దానికి క్రూరత్వమో వదిలేసిపోవడమో తోడవ్వాలి. స్కాట్లాండ్ ఆడపిల్లకి నలభై మూడేళ్ల ముందే దొరికినంత న్యాయం వాళ్లకి అప్పటికీ దొరకలేదు.

మళ్లీ పొయ్యి దగ్గరికి

మెగ్ డాడ్స్ మాత్రం చావలేదు. 1929లో ఫ్లోరెన్స్ మరియన్ మెక్‌నీల్ 'ది స్కాట్స్ కిచెన్' అనే పుస్తకం రాసింది. ఓర్క్‌నీ దీవుల్లో పుట్టిన ఈమె ఆడవాళ్ల ఓటు హక్కు కోసం పనిచేసిన మనిషి. స్కాట్లాండ్ పాత వంటల్ని వెతికి పోగేస్తూ మెగ్ డాడ్స్ పుస్తకం నుంచి ఎన్నో తీసుకుంది. 1956లో తమ దేశపు పానీయాల మీద 'ది స్కాట్స్ సెల్లార్' అనే మరో పుస్తకం రాసింది. ఈ రోజు హాగిస్‌కైనా స్టీక్‌కైనా విస్కీ మీగడ సాస్ పోసి, ఇది మా స్కాట్లాండ్ వంట అని వాళ్లు గర్వంగా వడ్డిస్తున్నారంటే ఆ గర్వంలో ఈ ఇద్దరు ఆడవాళ్ల కష్టం ఉంది.

నాకు అనిపించేది ఒక్కటే. క్రిస్టియన్ జాన్‌స్టన్ దాచింది పేరునే గానీ పనిని కాదు. పని ఉంది కాబట్టి, ఆలస్యంగానైనా పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చి పేరు పట్టుకున్నారు. మరి అసలు ఏమీ రాసిపెట్టని వాళ్ల సంగతి? మన ఇళ్లలో అమ్మమ్మ పెట్టిన ఉప్పావకాయ పాళ్లు, మేనత్త చేసే పులుసు కొలతలు ఎన్ని ఆవిడలతోనే పోయాయో! ఈ వేసవి సెలవుల్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఒక్కో వంట కింద అది చెప్పినావిడ పేరు రాయండి. ఫలానావారి భార్య అని, ఫలానావారి తల్లి అని వద్దు. ఆవిడ పేరే రాయండి.