మా భీమవరం ఆయన బిళ్ళ

మా నాయనమ్మది కొల్లేరు లంక ఊరు. ఎడమ కాలికి బోదకాలు. అందుకే పట్టీ కుడి కాలికే ఉంటుంది, రెండోది పెట్టెలో. నా స్కూలు రోజుల్లో ఒకసారి ఫైలేరియా బిళ్ళలిచ్చారు. తల తిరుగుతుందని ఎవరో అంటే నాలుక కింద దాచి, బయటికొచ్చి కాలవలో ఊసేశాను. అది ఎవరి కష్టమో ఇంజనీరింగ్‌లో చేరాక గానీ తెలియలేదు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మా తాడేపల్లిగూడెం నుంచి ఎంతో దూరం కాదు. మెట్రిక్ మూడోసారికి పాసయ్యారు (బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్ళు ధైర్యం తెచ్చుకోండి!). మద్రాసులో మెడిసిన్ చదువుతూ ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ దక్కింది. ఇద్దరు అన్నదమ్ములు జబ్బుతో పోయారు. భార్య శేషగిరిని ఇక్కడే ఉంచి అమెరికా వెళ్ళారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి పరిశోధన నడిపించారు.

అక్కడ ఆయన టీమ్ ఫైలేరియా పురుగు ఉన్న పత్తి ఎలుకలకి ఒక్కో రసాయనం ఇచ్చి, రక్తంలో పిల్లపురుగులు తగ్గుతున్నాయా అని చూసింది. అలా 1947లో హెట్రజాన్ వచ్చింది. అదే మన డీఈసీ బిళ్ళ. ఇప్పుడు మనం కంప్యూటర్‌లో ముందు టార్గెట్ ప్రోటీన్ వెతికి, తర్వాత దానికి సరిపోయే మందు చూస్తాం. వాళ్ళు మందు ముందు పట్టుకున్నారు. అది పురుగుని ఎక్కడ దెబ్బ కొడుతుందన్నది తర్వాత దశాబ్దాల పాటు తేలలేదు.

బిళ్ళ రక్తంలోని పిల్లపురుగుల్ని చంపుతుంది. తర్వాత వచ్చే జ్వరం, తల తిప్పుడు చాలాసార్లు అవి చస్తున్న గుర్తే. కానీ ముదిరిన బోదకాలు మళ్ళీ మామూలు కాదు. అంటే బాగున్నవాళ్ళూ మింగాలి. నాలాంటివాళ్ళే.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, అక్కడే పోయారు. దేశానికి మళ్ళీ రాలేదు. 1955లో ఇక్కడ జాతీయ ఫైలేరియా కార్యక్రమం మొదలైంది. ఆయన మందు సొంతూరు చేరింది.

మొన్న ఇంటికి బిళ్ళలొస్తే అన్నం తిని, నాయనమ్మ ఎదురుగా మింగాను. చేసింది భీమవరం ఆయనేనని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. చెల్లి మింగిందో లేదో నోరు తెరిపించి చూడమంది.