పలుకుల పుట్టుక నెరిగిన గ్రాహం బెల్

టెలిఫోను పేరు వినగానే గ్రాహం బెల్ జ్ఞప్తికి వచ్చును. కాని ఇతడు మొదట విద్యుచ్ఛాస్త్రజ్ఞుడు కాడు, యంత్రశిల్పియును కాడు. మాట నోటియందు ఎట్లు పుట్టును, చెవి దానిని ఎట్లు గ్రహించును అను ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఇతని జీవితకార్యము. ఆ అన్వేషణములోనే ఇతడు పరిశోధన చేయు విధమును మెట్టు మెట్టుగా నేర్చుకొనెను.

అలెగ్జాండరు గ్రాహం బెల్ 1847వ సంవత్సరము మార్చి 3వ తేదీన స్కాట్లండు దేశమునందలి ఎడింబరో నగరమున జన్మించెను. తాత లండనులోను, తండ్రి మెల్విల్ బెల్ ఎడింబరోలోను స్పష్టమైన ఉచ్చారణమును బోధించు గురువులుగా ప్రసిద్ధి కెక్కిరి. తల్లి ఎలైజాకు వినికిడి మిక్కిలి తక్కువ. అయినను ఆమె పియానో వాద్యమును చక్కగా వాయించెడిది. ఇతరులు ఆమె చెవియొద్ద నుంచిన గొట్టములో బిగ్గరగా మాటలాడుచుండగా, బాలుడైన బెల్ ఆమె నుదుటికి దగ్గరగా నోరుంచి మంద్రస్వరముతో మాటలాడెడివాడు. వ్రేళ్లతో అక్షరములను సూచించు పద్ధతిని గూడ అతడు తల్లికొరకు నేర్చుకొనెను.

1863లో తండ్రి బెల్‌ను లండనులోని వీట్‌స్టన్ అను శాస్త్రజ్ఞుని యొద్దకు తీసికొనిపోయెను. అంతకు పూర్వము కెంపెలెన్ అను పండితుడు మాటలాడు యంత్రము నొకదానిని నిర్మించి, దానిని గూర్చి 1791లో ఒక గ్రంథమును ప్రకటించియుండెను. వీట్‌స్టన్ ఆ యంత్రమువంటి దానిని తిరిగి తయారుచేసెను. తిత్తి నుండి గాలి వెడలుచుండగా ఆ యంత్రము కొన్ని పదములను పలుకుట చూచి బెల్ అచ్చెరువందెను. ఇంటికి వచ్చిన పిదప, అట్టి యంత్రమును మీరును చేయుడని తండ్రి కుమారులను ప్రోత్సహించి, బహుమానము నిత్తునని చెప్పెను.

అన్న మెల్విల్ కంఠభాగమును, బెల్ నాలుకను, నోటిని నిర్మించుటకు పూనుకొనిరి. కంఠనాళపు నిర్మాణము పుస్తకములు చదివినంత మాత్రమున వారికి బోధపడలేదు. అందుచే కసాయివాని యొద్ద గొర్రెపిల్ల కంఠనాళమును సంపాదించి పరిశీలించిరి. యంత్రము పూర్తియైన దినమున అన్న గొట్టములో గాలి నూదుచుండగా బెల్ పెదవులను కదల్చెను. తల్లికొరకు ఏడ్చు పసిపాప గొంతువంటి ధ్వని వెలువడెను. ఇరుగుపొరుగువారు బిడ్డకేమైనదో యని విచారించిరి. తండ్రి కోరినది ఆటవస్తువు కాదు. కన్నులకు కనబడని వాగవయవముల పనిని కుమారులు తమ చేతులతో తెలిసికొనవలెనని ఆయన తలచెను, అది నెరవేరెను.

పదునారేండ్ల ప్రాయముననే బెల్ ఎల్గిన్ పట్టణములో ఉపాధ్యాయుడుగా కుదురుకొనెను. అచ్చట తీరిక సమయములందు అచ్చుల స్వభావమును పరీక్షింప నారంభించెను. ఇందుకై అతడు ఎట్టి పరికరమును కొనలేదు. నోటిని ఒక అచ్చు పలుకుటకు తగినట్లుంచి, గొంతు పలికింపకయే, చెక్కిలిపైనను కంఠముపైనను వ్రేలితో తట్టి, కలుగు శబ్దమును శ్రద్ధగా వినెడివాడు. ఊకారమునకు ఒక స్థాయియు, ఓకారమునకు వేరొక స్థాయియు వినవచ్చెను. నాలుక నోటిని ముందు వెనుకలుగా రెండు కుహరములుగా విభజించుననియు, వాని పరిమాణములు మారుటచే అచ్చులు మారుననియు అతడు గ్రహించెను. ఈ ప్రయోగమును పాఠకులు తామే చేసి చూడవచ్చును.

1866లో ఈ ఫలితములు ఎల్లిస్ అను భాషాధ్వనుల పండితుని దృష్టికి వచ్చెను. జర్మనీ దేశమున హెల్మ్‌హోల్ట్జ్ అను మహాశాస్త్రజ్ఞుడు ఈ విషయమును ముందే కనుగొని, 1863లోనే గ్రంథము ప్రకటించెనని ఎల్లిస్ తెలియజేసెను. తాను నూతనముగా కనుగొంటినని తలచినది పాతదని తెలిసినప్పుడు పలువురు పనిని విడిచిపెట్టుదురు. బెల్ అట్లు చేయలేదు. హెల్మ్‌హోల్ట్జ్ విద్యుత్తుతో శ్రుతిదండములను మ్రోగించి అచ్చులను కల్పించెనని విని, ఆ ప్రయోగమును తానును చేయబూనెను. కాని అతనికి జర్మను భాష అంతగా రాదు. పటములను చూచి, ఆ శాస్త్రజ్ఞుడు అచ్చులను తీగెపై దూరమునకు పంపెనని అపార్థము చేసికొనెను. అచ్చులు పోగలిగినచో హల్లులును పోగలవు గదా యని భావించెను. అది పొరపాటని పిదప తెలిసినను, ఆ పొరపాటే అతనిని విద్యుత్తు నభ్యసించుటకు పురికొల్పెను.

ఇంతలో ఇంటిపై పిడుగు పడెను. 1867లో తమ్ముడు ఎడ్వర్డు, 1870లో అన్న మెల్విల్ క్షయవ్యాధిచే మరణించిరి. బెల్ ఆరోగ్యమును క్షీణింపసాగెను. మిగిలిన ఒక్క కుమారునైన దక్కించుకొనవలెనని తల్లిదండ్రులు 1870లో స్వదేశమును విడిచి కెనడా చేరి, బ్రాంట్‌ఫర్డు సమీపమున నివసించిరి. అచ్చటి గాలి బెల్‌కు అనుకూలించెను. ఆరోగ్యము చేకూరుచుండగనే అతడు పొరుగున నున్న మోహాక్ జాతివారి భాషను విని, దాని ధ్వనులను లిపిబద్ధము చేసెను.

అందుకు ఉపయోగించినది తండ్రి కల్పించి 1867లో ప్రకటించిన లిపి. తెలుగు వర్ణమాలలో కవర్గము కంఠముననుండి మొదలుకొని పవర్గము పెదవుల వరకు వర్ణములు పుట్టు తావులను బట్టి అమర్పబడియున్నవి. మెల్విల్ బెల్ లిపిలో అక్షరపు రూపమే నాలుక, పెదవులు, కంఠము ఉండవలసిన తీరును చూపును. చెవిటిబాలురు వినలేకున్నను ఆ రూపములను చూచి ఉచ్చరింపగలరని ఆశ కలిగెను. బెల్ 1868లో లండనునందును, 1871 నుండి అమెరికాలోని బోస్టన్ నగరమునందును ఈ పద్ధతితో బోధించెను. 1873లో బోస్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

చెవిటిపిల్లలు తమ పలుకును కంటితో చూచి దిద్దుకొను ఉపాయమున్నదా యని అతడు ఆలోచించెను. ధ్వని కంపనములను గీతలుగా వ్రాయు యంత్రము అప్పటికే కలదు. దానిని మనుష్యుని చెవివలె సవరింపదలచిన బెల్‌కు, నిజమైన చెవినే వాడవచ్చునని కర్ణవైద్యుడు క్లారెన్సు బ్లేక్ సూచించి, 1874లో ఒక మృతుని చెవి భాగమును సంపాదించి యిచ్చెను. బెల్ దానిలోని చిన్న యెముకకు గడ్డిపోచ నమర్చి, దాని కొన మసిపూసిన గాజుపలకను తాకునట్లు చేసెను. చెవిలో పలికినంతనే కర్ణభేరి కంపించెను, ఎముకలు కదలెను, గడ్డిపోచ పలకపై అలలవంటి గీతలు గీసెను.

ఆ యేటి వేసవిలో బ్రాంట్‌ఫర్డున ఈ గీతలను చూచుచు బెల్ ఒక విషయమును గమనించెను. పలుచని పొరయైన కర్ణభేరి తనకంటె బరువైన ఎముకలను కదల్చుచున్నది. అట్లయిన అంతకంటె పెద్ద పొర అయస్కాంతము నెదుట ఒక ఇనుపముక్కను కదల్పలేదా? ఆ కదలికవలన తీగెలోని విద్యుత్తు, తెగుచు కలియుచు గాక, ధ్వనివలెనే అలలుగా హెచ్చుచు తగ్గుచుండును. టెలిఫోను మూలభావము ఇదియే.

భావము కుదిరెను గాని విద్యుచ్ఛాస్త్రజ్ఞానము చాలదని బెల్ ఎరుగును. 1875లో వృద్ధశాస్త్రజ్ఞుడైన జోసెఫ్ హెన్రీని దర్శించి ఆ సంగతి దాచక చెప్పెను. లేని జ్ఞానమును సంపాదింపుమని ఆయన బోధించెను. బెల్ ఆ మాటను శిరసావహించి, వాట్సన్ అను నిపుణుడైన పనివాని తోడ్పాటుతో రేయింబవళ్లు శ్రమించెను. 1876 మార్చి 7వ తేదీన అతనికి హక్కుపత్రము లభించెను. 10వ తేదీన బెల్ తన కడకు రమ్మని పిలిచిన పిలుపు తీగెవెంట పోయి వేరొక గదిలోని వాట్సన్‌కు స్పష్టముగా వినబడెను. ఎలైషా గ్రే అనునాతడును ఇట్టి సాధనమునే గూర్చి బెల్‌తోపాటు ఒకే దినమున కార్యాలయమునకు పత్రము నర్పించియుండుటచే వివాదములు చెలరేగెను. 1888లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము బెల్ హక్కును సమర్థించెను.

1877లో బెల్ తన పూర్వశిష్యురాలును, బాల్యముననే వినికిడి కోల్పోయినదియు నగు మేబెల్‌ను వివాహమాడెను. 1880లో ఫ్రాన్సు దేశము ఓల్టా బహుమానముగా నిచ్చిన 50,000 ఫ్రాంకులను పరిశోధనాలయమునకై వినియోగించెను. వినికిడి బలమును కొలుచు సాధనము నొకదానిని గూడ నిర్మించెను. 1886లో ఆరేండ్ల హెలెన్ కెల్లర్ తండ్రి తన బిడ్డకొరకు సలహా కోరి వచ్చినది ఈతని యొద్దకే.

అయినను బెల్ అభిప్రాయములన్నియు నిలువలేదు. చెవిటివారు నోటితోనే మాటలాడవలెననియు, పాఠశాలలలో సైగలభాష తగదనియు అతడు గట్టిగా వాదించెను. పెక్కుమంది చెవిటివారు అతని కాలముననే దానిని నిరసించిరి. 1960లో విలియం స్టోకీ అను పండితుడు అమెరికాలోని సైగలభాషకు తనదైన నిర్మాణము కలదని నిరూపించెను. తల్లితో వ్రేళ్లద్వారా సంభాషించిన బెల్, చేతులలో వెలయు భాషయొక్క సంపూర్ణతను గుర్తింపలేకపోయెను. నోటిమాటను అంత సూక్ష్మముగా పరీక్షించిన బుద్ధియే ఈ విషయమున పరీక్షకు ముందే నిశ్చయమునకు వచ్చెను.

1922 ఆగస్టు 2వ తేదీన బెల్ కెనడాలోని బడెక్ గ్రామ సమీపమున కన్నుమూసెను. అంత్యక్రియల సమయమున ఉత్తర అమెరికాలోని టెలిఫోనులు ఒక్క నిమిషము మౌనము వహించెను. ధ్వని తీవ్రతను కొలుచు డెసిబెల్ అను మానములో అతని పేరు నేటికిని నిలిచియున్నది. విన్నదానిని చేతితో చేసి చూచుట, తెలియనిదానిని తెలియదని యొప్పుకొని నేర్చుకొనుట అను రెండు గుణములే చెక్కిలిపై వ్రేలితో తట్టి ధ్వనిని విన్న బాలుని లోకవిఖ్యాతునిగా జేసినవి.