థియొడోర్ బిల్‌రోత్

థియొడోర్ బిల్‌రోత్ (ఏప్రిల్ 26, 1829 - ఫిబ్రవరి 6, 1894) ఉదర శస్త్రచికిత్సకు ఆద్యుడిగా పేరుపొందిన వైద్యుడు. ఈయన ప్రష్యాలోని రూగెన్ ద్వీపంలో జన్మించాడు. 1867లో వియన్నా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

1881 జనవరి 29న ఈయన క్యాన్సర్ సోకిన జీర్ణాశయపు చివరి భాగాన్ని తొలగించి, మిగిలిన భాగాన్ని ఆంత్రమూలానికి (చిన్నప్రేగు మొదటి భాగం) కలిపి కుట్టాడు. రోగి కోలుకున్నా, వ్యాధి తిరగబెట్టి సుమారు నాలుగు నెలలకు మరణించింది. 1885లో ఆహారం ఆంత్రమూలం గుండా పోకుండా నేరుగా దాని తరువాతి ప్రేగులోకి చేరే రెండవ పద్ధతిని చేపట్టాడు. ఈ రెండు పద్ధతులు నేటికీ ఈయన పేరుతోనే వ్యవహరింపబడుతున్నాయి.

ఆంత్రమూలంలో కాల్షియం చురుకుగా గ్రహింపబడుతుంది. జీర్ణాశయంలోని ఆమ్లం కాల్షియం కరగడానికి తోడ్పడుతుంది. అందువలన ఇటువంటి శస్త్రచికిత్స తరువాత ఎముకలు బలహీనపడే ప్రమాదం ఉంది. జీర్ణాశయం తొలగించిన ఎలుకలపై జరిగిన ప్రయోగాలలో, పెద్దప్రేగులో పులిసే పీచుపదార్థాలు కాల్షియం శోషణను పెంచాయి.